మూడు కాళ్ల బాతు

"దీనికి మూడు కాళ్లేంటి?" మా మేస్త్రీ క్రాడక్ ప్రూఫు కాగితం ఎత్తి పట్టుకుని అరిచాడు.

ఉలులు ఆగిపోయాయి. లండన్‌లో ఫ్లీట్ వీధి వెనక సందులో, పిల్లల పుస్తకాలకు చెక్క మీద బొమ్మలు చెక్కేవాళ్లం మేం. ఈసారిది అర్థంపర్థం లేని పాటల పుస్తకం. ఈ బొమ్మలో లాగూ తొడుక్కున్న బాతు టీ కెటిలెక్కి సముద్రం దాటుతోంది.

బొమ్మ పెద్దది. అందుకని బోల్టులతో బిగించిన చెక్క దిమ్మను రెండు ముక్కలుగా విప్పి ఇద్దరికిచ్చారు. ఎడమది నాకు, కుడిది టామ్సిన్ ప్రూయెట్‌కు. చెక్కాక మళ్లీ బిగించి అచ్చు తీశారు. మూడో కాలికి తొడ నా ముక్కలో ఉంది, పాదం ఆమె ముక్కలో ఉంది.

"పాదం నీదే. దిమ్మ పాడుచేస్తే ఆ పూటే బయటికి. రూలు తెలుసుగా?" అన్నాడు క్రాడక్ ఆమెతో.

భర్త పోయాక ఆ ఉలి మీదే ఇద్దరు పిల్లల్ని సాకుతోంది టామ్సిన్. "గీసింది గీసినట్టే చెక్కానయ్యా!"

"చూపించు మరి."

ఏం చూపిస్తుంది? చిత్రకారుడు దిమ్మ మీదే పెన్సిల్‌తో గీస్తాడు. చెక్కేకొద్దీ ఆ గీత పొట్టుగా రాలిపోతుంది. సాక్ష్యాన్ని మేమే ఊడ్చి పారేస్తాం.

"పాట చదవండి," అన్నాను.

చదివాడు. కెటిల్ ఉంది, సముద్రం ఉంది, కాళ్ల లెక్క లేదు.

"బాతుకు రెండే కాళ్లు! ఎవణ్ణైనా అడుగు."

"లాగూ తొడిగితే ఊరుకున్నారు. కెటిలెక్కితే ఊరుకున్నారు. కాళ్ల దగ్గరే న్యాయం గుర్తొచ్చిందా?"

అందరూ నవ్వారు. టామ్సిన్ నవ్వలేదు. "హాస్యాలు ఆపు, రూబెన్! పోయేది నా పని."

నాకూ అనుమానం పట్టుకుంది. నేను చెక్కింది తొడా, కెటిల్ నీడా? చెక్కేటప్పుడు కాలే అనుకున్నాను. ఇప్పుడు కళ్లు మూసుకుంటే నీడే కనిపిస్తోంది.

అప్పుడు తట్టింది. "మేస్త్రీ గారూ, ముక్కలు విప్పేముందు అతుకు మీది గీతలు చెక్కేదెవరు?"

రెండు వైపులా గీతలు కలవాలని వాటిని ఎప్పుడూ మేస్త్రీయే చెక్కుతాడు. క్రాడక్ దిమ్మ మీద భూతద్దం పెట్టి చూశాడు. అతుకు దాటి పోయిన ఆ కాలి గీతలు రెండూ అతని చేతివే.

"గీతలు చెక్కాను. అది కాలని నాకెవడు చెప్పాడు?"

"ఆమెకెవడు చెప్పాడు?"

క్రాడక్ భూతద్దం పక్కన పెట్టి, పని చూసుకోమని ఆమెకు చెయ్యూపాడు. టామ్సిన్ తిరిగి బల్ల దగ్గర కూచుంది.

సాయంత్రం చిత్రకారుడు గుర్రబ్బండి దిగి వచ్చాడు. ప్రూఫు అటూ ఇటూ తిప్పాడు. "మూడా? నేనే గీశానా? గీసే ఉంటాను," అని టోపీ మరిచిపోయి వెళ్లిపోయాడు.

మర్నాడు తర్వాతి బొమ్మ దిమ్మ వచ్చింది. అదే బాతు. టామ్సిన్ ఉలి పట్టలేదు, నేనూ పట్టలేదు.

"కాళ్లెన్నో మీరు లెక్కపెట్టి కాగితం మీద సంతకం పెట్టండి. అప్పుడే చెక్కుతాం," అన్నాను క్రాడక్‌తో.

కసురుకున్నాడు. మేం కదల్లేదు. చివరికి దిమ్మ మీదికి వంగి వేలు పెట్టాడు.

"ఒకటి, రెండు... టామ్సిన్, ఇలా రా. ఇది నీడేనంటావా?"