రెండో పరిశీలకురాలు

దేదీప్యది వంకలు పెట్టే ఉద్యోగం. ఆ మాట ఆమె అనదు, ఆమె అత్తగారు అంటారు. ఎవరో పాతిక ముప్పై వైద్య పరిశోధనలు ఏరి, కలిపి, ఒక తీర్పు చెబుతారు. ఆ ఏరడం, కలపడం సరిగ్గా జరిగిందా అని పదహారు ప్రశ్నల పట్టికతో చూసి దేదీప్య మార్కులు వేస్తుంది. వారానికి ఐదు రోజులు జీతానికి వేస్తుంది. ఈ ఆదివారం మాత్రం పెసరట్టు తిన్న పాపానికి వేస్తోంది.

అమెరికాలో, మోరిస్‌విల్ ఊళ్లో, ఆ పెసరట్టు పెట్టింది సరోజ. పేపర్ రాసింది ఆమె భర్త, డాక్టర్ ఆదిశేషు. నలభై ఏళ్లు గుండెలు చూసి రిటైరైన ఆయన ఇప్పుడు మెంతుల మీద పడ్డారు. మెంతులు తింటే షుగర్ తగ్గుతుందా అన్నదాని మీద ఇరవై మూడు పరిశోధనలు పోగేసి, తగ్గుతుందని తేల్చారు. జర్నల్‌కి పంపేముందు దేదీప్యకి ఓసారి చూపించుకుందామని పిలిచారు.

"నిర్మొహమాటంగా చెప్పమ్మా. నేనేం అనుకోను," అన్నారు. అలా అన్నవాళ్లు ఏమీ అనుకోకుండా ఉండటం దేదీప్య ఇంతవరకూ చూడలేదు.

నాలుగు ప్రశ్నలు సాఫీగా గడిచాయి. ఐదోది: పరిశోధనల్ని ఇద్దరు మనుషులు, ఒకరినొకరు అడక్కుండా, విడివిడిగా ఎంచారా?

"ఇద్దరం ఎంచాం. నేనూ, సరోజా. పేరు కూడా వేశాను చూడు. ఆవిడ ముప్పై ఏళ్లు హాస్పిటల్ ల్యాబ్‌లో చేసింది," అన్నారు ఆదిశేషు.

పేరుంది. ఇద్దరి అభిప్రాయాలూ ఎంతవరకు కలిశాయో కూడా ఉంది. నూటికి నూరు. ఎనిమిదేళ్ల సర్వీసులో దేదీప్య నూటికి తొంభై చూసింది, అరవై చూసింది. నూరు చూడలేదు.

"ఒక్కదాంట్లో కూడా డిఫర్ అవ్వలేదా అంకుల్?"

"నలభై ఎనిమిదేళ్ల కాపురం. ఎందుకు డిఫర్ అవుతుందీ?" అన్నారాయన. సరోజ అల్లప్పచ్చడి గిన్నె మీద మూత సరిచేసింది.

"ఇది అచ్చవనీ, ఈవిడ షుగర్ టాబ్లెట్ మొత్తం ఆపించేస్తాను," అన్నారు ఆదిశేషు ఉత్సాహంగా. "రెండు నెలల క్రితమే సగానికి తగ్గించాను. సగం టాబ్లెట్, పొద్దున్నే చెంచాడు మెంతిపొడి. మొన్నటి రిపోర్ట్ ఫస్ట్ క్లాస్! ఇంతకన్నా ప్రూఫ్ ఏం కావాలి?"

అప్పటిదాకా దేదీప్యకి అదొక పేపర్. ఇప్పుడది ఎదురుగా కూర్చున్న మనిషి మింగే మాత్ర. ఆమెకు నిజంగానే భయమేసింది.

"ఆంటీ, మీరు విడిగా చూశారా?"

సరోజ భర్త వైపు చూడలేదు. "చూశాను. తొమ్మిది వద్దన్నాను. వాటిల్లో మెంతులు తిన్నవాళ్లే ఉన్నారు, తిననివాళ్లతో పోల్చనే లేదు. ఈయన 'నీకు తెలీదులే' అన్నారు. సరే అన్నాను."

దేదీప్య ఐదో ప్రశ్న ఎదురుగా 'లేదు' అని రాసింది. ఆదిశేషు ల్యాప్‌టాప్‌లోనే పోలిక లేని ఆ తొమ్మిదీ వెతికి తీసేసి లెక్క మళ్లీ కట్టింది. పది నిమిషాలు పట్టింది. మిగిలిన పద్నాలుగింటిలో మెంతుల తరఫున గట్టిగా సాక్ష్యం చెప్పేవి లేవు.

"పేపర్ సంగతి పక్కనపెట్టమ్మా," ఆదిశేషు గొంతు లేచింది. "ఇంట్లో కళ్లెదుట కనిపిస్తోందిగా! సగం టాబ్లెట్‌తో సరోజకి..."

"పూర్తిదే వేసుకుంటున్నానండీ," అంది సరోజ.

"రెండు నెలలూనా?"

"రెండు నెలలూ. మీరు విరిచి డబ్బాలో పెడతారు. నేను రెండు ముక్కలూ వేసుకుంటాను."

"మరి నాతో చెప్పలేదేం?"

"తొమ్మిదింటి గురించి చెప్పాను కదండీ. ఏం విన్నారు?"

లేచి వెళ్లాలో, కూర్చోవాలో దేదీప్యకి తెలియలేదు. పట్టికలో దానికి ప్రశ్న లేదు. ఆదిశేషు మొహం చిన్నబోయింది. ఆయన్ని చూస్తే ఆమెకు జాలేసింది, కానీ రాసిన 'లేదు' కొట్టెయ్యలేదు.

ఆయన తన పక్క కుర్చీ బయటికి లాగారు.

"ఏ తొమ్మిదో చూపించు," అన్నారు.

సరోజ చెయ్యి కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని వచ్చి కూర్చుంది.

"తొమ్మిది కాదు, పన్నెండు. మూడు మీ మొహం చూసి వదిలేశాను," అంది.