తట్టలో నీళ్ళు తాగిన డబ్బా

పొద్దున్నే నీలవేణి ఇసకలో పాతవల పరిచి నెత్తళ్ళు ఎండబోసింది. ఖాళీ అయిన సత్తుతట్ట బోర్లించి దానికి చెవి ఆనించింది. ఆకాశంలో మనుషులుండే కేంద్రం ఒకటి తిరుగుతుంది కదా, తమని బయటికి వదిలే రోజు కోసం అందులో కాసుకు కూర్చున్న రేడియో డబ్బాల కబుర్లు ఆ తట్టలో వినపడతాయి. జాలరిపేటలో అందరికీ తెలిసిన సంగతే. వాటిలో ఉప్పు ప్యాకెట్టంతది ఒకటి మనవరాలు శ్రావణీ, కాలేజీ నేస్తాలూ కలిసి చేసినది. అది బయటికెళ్ళి తిరిగితే ఫోను అందని నడిసముద్రం నుంచి కూడా పడవల మాట ఒడ్డుకొస్తుంది. శ్రావణి తండ్రి గంగులు దానితో మాట్లాడే జత రేడియో సెట్టు పడవలో పెట్టుకునే వేటకెళ్ళాడు.

"బయల్దేరతన్నాను మామ్మా," అంది శ్రావణి డబ్బా.

అప్పుడే కాకి చేపనెత్తుకుపోయింది. ఆ కంగారులో నీలవేణికి నోరు జారింది.

"ఎటెల్తన్నావే?"

డబ్బా మూగబోయింది. పక్కన చేపలు తిరగేస్తున్న గురమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"ఎల్లేదాన్ని ఎటని అడుగుతారేటే? మన మొగోళ్ళు తెప్ప తోస్తంటే ఎప్పుడైనా అడిగేవా?"

మధ్యాహ్నం శ్రావణి ఫోను చేసింది. "మిగతావన్నీ ఎల్లిపోనాయి మామ్మా. మాదొక్కటే కదల్లేదు. ఎందుకో ఎవలికీ తెల్దు."

"అలాగా," అని పెట్టేసింది నీలవేణి. నిజం దాచిన ఆ 'అలాగా'కి ఆమె మొహం ఆమెకే మండిపోయింది. తట్టని చూడలేక గోనె కప్పేసింది. సాయంత్రానికి పడవలన్నీ వచ్చాయి, గంగులుది తప్ప. అప్పుడు తనే ఫోను చేసింది.

"నానే ఆపేసేనే అమ్మా. ఎటని అడిగేసేను."

శ్రావణి నవ్వలేదు, తిట్టలేదు. "మనుసులకైతే ఏటి సేస్తావు? కూకోబెట్టి నీల్లియ్యి."

నీలవేణి గోనె తీసి, తట్ట వెల్లకిలా తిప్పి, చెంబుడు నీళ్ళు పోసింది. తలెత్తకుండానే, "కూకో తల్లీ, తాగి ఎల్లు," అంది. నీళ్ళు మెల్లమెల్లగా తగ్గి తట్ట పొడిబారింది. డబ్బా కదిలింది. ఈసారి ఆమె పెదవి కదపకుండా మొహం పక్కకి తిప్పుకుంది.

దీపాలు పెట్టేవేళ తట్ట గరగరమంది. వెనకే గంగులు గొంతు. "ఇంజను పోయింది... కళింగపట్నం దీపస్తంభానికి తూరుపున ఉన్నాం..."

గురమ్మ మొగుడు నలుగుర్ని కేకేసి పడవ తోయించాడు. ఎటని ఎవరూ అడగలేదు.

"నామీద కోపమేటమ్మా?" అంది నీలవేణి తట్టతో, సిగ్గుపడుతూ.

"ఎటని అడిగేవు కదా మామ్మా," అంది డబ్బా, దూరమైపోతూ. "మీ గంగులు దగ్గిరికే."