వీపున క్లిప్పులు పెట్టుకున్న కోటు

నేను ఒక నల్లకోటును. కోరుట్ల బస్టాండు ఎదుట, రాజేశం ఫోటో స్టూడియోలో, అద్దం పక్కన మేకుకు వేలాడుతూ బతికినదాన్ని. ఎవరో పెళ్లికొడుకు నన్ను కుట్టించుకొని తీసుకుపోవడమే మరిచాడు. దర్జీ విసిగిపోయి నన్ను రాజేశం చేతిలో పెట్టాడు. ఒక్క పెళ్లి తప్పిపోయిందని జాలిపడకండి, నా భాగ్యం చూడండి! మస్కట్‌కో, దుబాయ్‌కో, బహ్రెయిన్‌కో పనికి పోయిన ఈ చుట్టుపక్కల మనుషుల పర్మిట్ కార్డుల మీది ఫోటోలన్నిటిలోనూ నేనున్నాను.

బక్కపలచని మనిషి తొడుక్కుంటే రాజేశం నా వీపును వెనక్కి మడిచి బట్టల క్లిప్పులు పెట్టేవాడు. ముందు నుంచి చూస్తే దొర, వెనక నుంచి చూస్తే బట్టలారేసిన దండెం. "పైన పటారం, లోన లొటారం" అని తనే నవ్వేవాడు. ఇస్త్రీ కూడా ముందు భాగానికే. ఫోటోలో పడని వీపుకు ఎందుకు దండగ అనేవాడు.

మధ్యాహ్నం గిరాకీ లేని వేళ నాకు కునుకు పట్టేది. కలలో ఎన్నెన్నో చొక్కా జేబుల్లో, చెమటకు తడిసిన చిన్న చిన్న కార్డుల మీద ఉండేదాన్ని. ఎక్కడో సముద్రం హోరుమనేది. ఫోటోలో ఛాతీ వరకే పోయినదాన్ని కదా, కింద అంచంటూ లేక ఆ ఉప్పుగాలిలో అలా తేలుతూ తిరిగేదాన్ని.

ఒకనాడు లింబాద్రి వచ్చాడు. తాపీ పనివాడు, కొత్తగా పెళ్లయినవాడు. వెంట భార్య భూలక్ష్మి. నేను అతని ఒంటి మీద గోనెసంచిలా వేలాడాను. తీరా చూస్తే క్లిప్పులు కనబడలేదు.

"నేను పట్టుకుంట తియ్యి అన్నా" అంది భూలక్ష్మి. స్టూలు వెనక కూర్చొని నా వీపును గుప్పిట్లో బిగించింది; ఆ ముడతలు అలాగే ఉండిపోయాయి.

రాజేశం కెమెరా సర్దుతూ అడిగాడు. "ఏం వీసారా?"

"ఆజాద్ వీసా అన్నా. కార్డు మీద తోటపని అని రాస్తరట. బయట ఏ పనన్న చేసుకోవచ్చట."

"కంపెనీ వీసా సూస్కోరాదు? జీతం తక్కువైనా రాసిన పనే ఉంటది. పట్టుకునేటోడు ఉండడు."

"గా జీతంతోని ఏమైతదన్నా!"

మనుషుల తీరు నాకు అంతుబట్టదు. చెట్టు నాటుతానని అనుమతి తీసుకొని గోడ కట్టడానికి పోతారు! లింబాద్రి మస్కట్‌లో కొన్నేళ్లు అలాగే గోడలు కట్టాడు, పోలీసు కనబడితే ఆ గోడల చాటునే దాక్కున్నాడు. చివరికి తనిఖీలో దొరికాడు. వేలిముద్రలు తీసుకొని, మళ్లీ ఈ గడప తొక్కవద్దని పంపేశారు. బుద్ధొచ్చి వేరే దేశానికి, ఈసారి తాపీ పనికే కంపెనీ పర్మిట్ కోసం ప్రయత్నించాడు. వైద్యపరీక్షలో ఊపిరితిత్తి మీద మచ్చ కనబడింది. పనికిరావని, మందులు వాడమని పంపేశారు.

ఆ తరవాత ఇద్దరూ మళ్లీ స్టూడియోకి వచ్చారు. నేను లింబాద్రి భుజాల కోసం సిద్ధమయ్యాను.

"నాకు కాదన్నా, దీనికి" అన్నాడు అతను, తల దించుకొని.

అలాంటి పనులకు సర్కారు ముప్పై దాటిన ఆడవాళ్లకే అనుమతి ఇస్తుంది; భూలక్ష్మికి దాటాయి. బహ్రెయిన్‌లో ఆస్పత్రి శుభ్రం చేసే పని, కంపెనీ పర్మిట్.

"ఆడోళ్లకు కోటెందుకమ్మా? కావాలంటే గిప్పుడు కంప్యూటరే తొడుగుతది" అన్నాడు రాజేశం. నిజమే, నన్ను మేకు మీంచి దించి అప్పటికే చాలా కాలమైంది.

"మా ఆయనకు తొడిగినవు గద. నాకు గూడ గదే తొడుగు."

లింబాద్రి నసిగాడు. "ఏజెంటు దగ్గర ఆజాద్ వీసా గూడ ఉందటనే. జీతం జరంత ఎక్కువొస్తదట."

"వద్దు. ఆస్పత్రి ఊడ్సుడని రాస్తే ఆస్పత్రే ఊడుస్త. నువ్వు ఆడ దాక్కున్నన్ని దినాలు నేను ఈడ నిద్రపోలే. నువ్వన్న నిమ్మలంగ పండుకోవద్దా?"

క్లిప్పులు ఉన్నాయి, బల్ల మీద ఎదురుగానే ఉన్నాయి. అయినా లింబాద్రి స్టూలు వెనక కూర్చొని నా వీపును తనే పట్టుకున్నాడు. పట్టు జారుతుంటే మళ్లీ బిగించాడు. అతను చప్పుడు లేకుండా ఏడుస్తున్నాడు.

"సక్కగ పట్టుకో. మందులు మరిస్తె మాత్రం నేను ఊకోను" అంది ఆమె, కెమెరా వైపే చూస్తూ.

తెరమీద చూస్తే ఆమె భుజం పక్కన అతని వేలి కొస పడింది. రాజేశం దాన్ని తుడిచేశాడు. ఫోటోలో ఇంకొకరి వేలు ఉండకూడదని నియమం.

ఇప్పుడు నన్నెవరూ తొడుక్కోవడం లేదు. మూలనున్న పాత కెమెరా స్టాండు మీద కునుకుతున్నాను. మొన్న లింబాద్రి వచ్చి ఫోన్ చూపించాడు. కాస్త ఒళ్లు చేశాడు. ఫోన్‌లో భూలక్ష్మి, మెడలో కార్డు, కార్డు మీద నేను. వెనక నిజంగానే సముద్రం ఉంది.

"నీకో మాట చెప్పుమన్నదన్నా" అన్నాడు. "ఆ కోటు వీపు మాత్రం ఎన్నడూ ఇస్త్రీ చెయ్యొద్దట."