బర్రె ఒక వాటా, దుడ్డె ఒక వాటా

పురానాపూల్ దాటి కొంచెం కిందికి వెళితే, మూసీ ఒడ్డున ఆగయ్యకు ఎకరన్నర గడ్డిమడి ఉండేది. తొంభై ఆరు వేసవిలో ఒక ఆదివారం ఉదయం ఆయన కొడుకులిద్దరూ చెరో కొస పట్టుకుని తాడుతో ఆ నేలను కొలిచారు. తానుండగానే ఆస్తి పంచి ఇస్తున్న తండ్రినీ, లొల్లి లేకుండా కొలుచుకుంటున్న కొడుకులనూ దారిన పోయేవారు ముచ్చటపడి చూశారు. ఆ ముచ్చట వెనక ఎంత విషముందో పెద్దకొడుకు ప్రేమ్‌రాజ్‌కు ఒక్కడికే తెలుసు.

ప్రేమ్‌రాజ్ బస్సుల డిపోలో మెకానిక్. శాలిబండలో కాపురం. తమ్ముడు భిక్షపతి తండ్రి దగ్గరే ఉండి గడ్డి కోసి అమ్మేవాడు, బర్రెను పిండి అఫ్జల్‌గంజ్‌లో ఒక హోటలుకు పాలు పోసేవాడు. నెల జీతం ఉన్నది అన్నకే, కడుపుమంట కూడా అన్నకే. ఏ పని పడినా తండ్రి నోట "భిక్షపతీ" అన్న పిలుపే వచ్చేది. వాడి చేయి పడితేనే గడ్డి పచ్చబడుతుందని, వాడు కూర్చుంటేనే బర్రె పాలిస్తుందని ఆగయ్య నలుగురిలో చెప్పుకుని మురిసేవాడు. ఆ మాట విన్న రోజు ప్రేమ్‌రాజ్‌కు అన్నం సయించేది కాదు. తనను ఎన్నడైనా అలా మెచ్చుకున్నాడా అని చిన్ననాటి దాకా వెళ్ళి వెతుక్కునేవాడు.

ఆ ఇంట్లో పంపకానికి ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు వాటాలు వేయాలి, చిన్నవాడు ముందు ఏరుకోవాలి. తక్కువది తనకే మిగులుతుందన్న భయంతో పెద్దవాడు సమంగా పంచుతాడని వెనకటివాళ్ళు తెలివిగానే పెట్టారు. పాపం, వాళ్ళకు ప్రేమ్‌రాజ్ సంగతి తెలియదు!

మంచి వాటా వేస్తే తమ్ముడు ఎగరేసుకుపోతాడు. ఆ ఊహే భరించలేక, అతను ఏ వాటాలోనూ ఏదీ పూర్తిగా లేకుండా చేశాడు. నేలను చెరిసగం చేశాక, నీళ్ళు తోడే మోటారు ఒక వాటాలో పెట్టి, దాని పైపులు ఇంకో వాటాలో వేశాడు. బర్రె ఒక వాటా, నెల నిండిన దాని దుడ్డె ఇంకో వాటా.

"గదేంది బిడ్డా? తల్లిని, పిల్లని యేరు జేస్తవా?" అన్నాడు ఆగయ్య.

"పంచుమన్నది నువ్వే గద బాపూ. వాటాలు సమానమా, కాదా? గది చెప్పు."

ధర కడితే సమానమే.  పద్ధతి ప్రకారం భిక్షపతి ముందుగా బర్రె, పైపులు ఉన్న వాటా తీసుకున్నాడు. ప్రేమ్‌రాజ్ మోటారునూ దుడ్డెనూ ట్రాలీ ఆటోలో వేసుకుని ఇల్లు చేరాడు.

మూడోనాటికే కబురొచ్చింది. నీళ్ళు పారక గడ్డి ఎర్రబడుతోంది. దుడ్డె కనబడక బర్రె పాలు దించడం లేదు, పొదుగు గట్టిపడింది. హోటలువాళ్ళు వేరేచోట పాలు మాట్లాడుకున్నారు. ఆ కబురు విన్న పూట ప్రేమ్‌రాజ్ రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

ఆ సాయంత్రం భిక్షపతి వచ్చాడు. "అన్నా, పొద్దుగాల ఒక్క గడియ దుడ్డెను ఇడువు. బర్రెను పిండినంక నేనే తెచ్చి కట్టేస్త. పాలు సగం నీకే."

"నా వాటాకొచ్చింది నీకెందుకిస్త? నీ బర్రె, నీ ఫికర్."

తమ్ముడు వెళ్ళాక భార్య బేబీ నిలదీసింది. "ఏందయ్యా గిట్ల జేస్తున్నవ్? దుడ్డె సీసపాలు ముట్టుతలేదు. లేసి నిలవడతలేదు. సస్తది."

"సస్తే సావనీ. వానికైతే ఇయ్య!"

అన్న తర్వాత ఆ మాట అతనికే తప్పనిపించింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు ప్రేమ్‌రాజ్ డ్యూటీ దిగి వచ్చేసరికి వీధంతా హారన్ల మోత. బస్సులనూ షేర్ ఆటోలనూ తప్పించుకుంటూ, పలుపు పట్టుకుని భిక్షపతి బర్రెను అంత దూరం నుంచి నడిపించుకొచ్చాడు. వెనకే ఆగయ్య.

"దుడ్డె నీదే అన్నా. తాగనియ్, సాలు. గది బతకాలె," అన్నాడు భిక్షపతి.

అతనే దుడ్డెను ఎత్తి తల్లి పొదుగు కింద నిలబెట్టాడు. బర్రె దాన్ని ఒళ్ళంతా నాకింది. కాసేపటికి దుడ్డె మూతి చుట్టూ నురగ కనిపించింది. పాలు పిండుకోవడానికి తమ్ముడి చేతిలో చెంబైనా లేదు. ప్రేమ్‌రాజ్ అది గమనించాడు. అప్పుడు కూడా అతనికి ముందు సంతోషం కలగలేదు, ఇందులోనూ వీడిదే పైచేయి అన్న మంట పుట్టింది. చావబోయిన పసిజీవం ఎదుట తన మనసు ఏం లెక్క చూసుకుంటోందో గ్రహించి, సిగ్గుతో కుంగిపోయాడు.

"పంపకం నాడు నీకేం గావాలెనో నువ్వు సూసుకోలే బిడ్డా. తమ్మునికేం దక్కొద్దో గదే సూసినవ్," అన్నాడు ఆగయ్య.

"నువ్వెన్నడన్న నన్ను పిలిచినవా బాపూ? అన్నిటికి వాడే!" అన్నాడు ప్రేమ్‌రాజ్.

"కొలువుకు పోయి అలిసొస్తవని పిలువలే. తప్పే. కాని గా కోపం నా మీద సూపాలె. నోరులేని దాని మీద సూపుతవా?"

ప్రేమ్‌రాజ్ దుడ్డె దగ్గరికి నడిచాడు. దాని పలుపు విప్పి తమ్ముడి చేతిలో పెట్టాడు. "తోల్కపో తమ్మీ. మోటర్ రేపు నేనే తెచ్చి బిగిస్త," అన్నాడు.

ఆస్తి పంచే తల్లిదండ్రులు నేల కొలిచేముందు బిడ్డల మనసులో ఏముందో అడిగి తెలుసుకోవాలి. వాటా అందుకునే బిడ్డలు తోబుట్టువు చేతిలోకి చూడక తమ అవసరం చూసుకోవాలి. పక్కవాడికి దక్కకూడదని చేసిన పంపకంలో ఎవరికీ ఏదీ దక్కదు.