నీరెరుగని పల్లం

తెల్లవారుజామున లేచి సత్యానందం మొదట కారును తుడిచేవాడు. అది కదలదని అతనికి తెలుసు. యుద్ధం మూలంగా పెట్రోలుకు కూపన్లు వచ్చాయి. ఆ తరువాత కూపన్లూ రాలేదు. మదనపల్లె మిషను వారి ఆ నల్ల కారుకు చక్రాలు విప్పి, నాలుగు బండల మీద ఎత్తి షెడ్డులో నిలబెట్టారు. తిరగని బండికి తుడుపెందుకని ఎవరన్నా అతడు మానేవాడు కాదు. అద్దం తుడిచి, దీపాలు తుడిచి, గుడ్డ పిండి ఆరవేసి, అప్పుడు గోడకు ఆనించి ఉన్న సైకిలును చేతికి తీసుకునేవాడు. దానిని మాత్రం ఎన్నడూ తుడవలేదు.

సైకిలు వెనుక మందుల పెట్టె కట్టుకొని పుంగనూరులోని చిన్న దవాఖానాకు చేర్చాలి. పగలంతా అక్కడ కట్లు కట్టి, సీసాలు కడిగి, పొద్దు వాలాక తిరిగి రావాలి. డ్రైవరు పని పోయినా ఇల్లు పోకుండా నిలుపుకోవడానికి మిగిలిన పని అదొక్కటే. ఇల్లంటే మిషను ప్రహరీలోని రెండు గదులు. వెనుక కిటికీలోంచి సమాధుల తోట కనిపిస్తుంది. అతని భార్య వరమ్మ ఆ కిటికీని వదిలి ఏ ఊరికీ పోదు. కుప్పంలోని పుట్టింటికి పంపుదామని అతడు బండి కట్టించిన రోజున ఆమె కిటికీ ఊచను పట్టుకున్న చెయ్యి వదలలేదు. బండి ఖాళీగా వెళ్ళిపోయింది.

నలభై దాటిన తరువాత సైకిలు నేర్చుకోవడం సులభం కాదు. మిట్ట వచ్చినప్పుడల్లా అతని ఎడమకాలు లేని క్లచ్చి కోసం వెదికేది. బజారులో సైకిలు షాపు పెట్టుకున్న ఇనాయతుల్లా అతణ్ణి మొదటిసారి ఆ వాహనం మీద చూసి పక్కవాళ్ళను పిలిచాడు.

"సూడండప్పా! డ్రైవర్ సాబ్ కారు ఈనింది. పిల్ల బాగుండాది గానీ, పాపం, రెండు కాళ్ళే!"

అందరూ నవ్వారు. సత్యానందం నవ్వలేదు, కోపగించుకోనూ లేదు. అతడు నవ్వి చాలా కాలమైంది.

కిందటి వానకాలంలో వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ప్రేమకుమారి విషజ్వరంతో పోయింది. అప్పుడతడు డాక్టరమ్మను తీసుకొని గుర్రంకొండ వైపు పోయి, వంక పొంగి, కారుతో సహా అవతలి గట్టున చిక్కుకున్నాడు. తిరిగి వచ్చేసరికి మట్టి కప్పడం కూడా అయిపోయింది. అందులో తప్పు ఎవరిదీ కాదని పాస్టరుగారన్నారు, డాక్టరమ్మ అన్నది, ఊరంతా అన్నది. వరమ్మ మాత్రం ఏమీ అనలేదు. ఆనాటి నుంచి ఆమె ఏమీ అనలేదు. వంట చేస్తుంది, వడ్డిస్తుంది, నీళ్ళు తెస్తుంది. మాట లేదు.

ఆమె మౌనం కంటె ఆ సైకిలు దారి అతణ్ణి ఎక్కువగా కుంగదీసింది.

ఉదయం పుంగనూరుకు పోయేటప్పుడు దారంతా పల్లం; తొక్కకుండానే చక్రాలు దొర్లిపోయేవి. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు దారంతా మిట్ట. రొమ్ము పగిలేటట్టు తొక్కినా, దిగి తోసుకుంటూ వచ్చినా, ఆ ఎక్కుడు తరిగేది కాదు. నేల తీరే అంత అనుకొని, చైను బిగించుకోవడానికి షాపుకు పోయిన రోజున ఆ మాటే ఇనాయతుల్లాతో అన్నాడు.

"పదహారేండ్లు ఈ దోవన కారు తోలినాను. పుంగనూరు ఇంత పల్లంలో ఉండాదని తెలీనే లేదు."

ఇనాయతుల్లా గాలి కొట్టడం ఆపాడు. "ఎవురూ సెప్పలేదా సాబ్ మీకు? ఆ దోవకు సొంత వాలు లేదు. మన కోసం ఎవురైనా ఏ దిక్కున ఎదురుసూస్తాంటే ఆ దిక్కుకు వాలతాది. ఎవురి వాలు వాళ్ళదే. నాకు పుంగనూరు ఎప్పుడూ మిట్టే. మా అత్తగారిల్లు ఆడుండాది గదా!"

బెంచీ మీద కూర్చున్న ముసలాయన నవ్వు ఆపుకొని అందుకున్నాడు. "ఓవర్సీరు వచ్చి గాజుగొట్టం పెట్టి కొలిచి, దోవ సమంగా ఉండాదని రాసుకోని పోయినాడు. ఆ గాజుగొట్టం కోసం ఎవురు ఎదురుసూస్తారప్పా?"

"నీళ్ళు పోసి సూడు, అంతే. పోసిన కాడనే నిలబడతాయి," అన్నాడు ఇనాయతుల్లా. "నీరు పల్లమెరుగు అంటారే, ఈ పల్లాన్ని నీరు ఎరగదు. కాళ్ళకూ సక్రాలకూ మాత్రమే తెలస్తాది. మీరు పోయేది పల్లమా, వచ్చేది పల్లమా?"

"పోయేది పల్లం. వచ్చేది మిట్ట."

అడిగినందుకు ఇనాయతుల్లా నాలుక కరుచుకున్నాడు. బెంచీ మీది ముసలాయన తన చెప్పును పరీక్షగా చూసుకోసాగాడు.

ఆ సాయంత్రం మిట్టను తోసుకుంటూ వస్తున్న సత్యానందానికి ఒక సంగతి తట్టింది, తట్టకపోయినా బాగుండేది. పాప బతికి ఉన్నన్నాళ్ళూ గేటుకమ్మి ఎక్కి నిలబడి కారు కోసం చూసేది. అన్నేండ్లూ ఈ దారి ప్రతి సాయంత్రమూ మదనపల్లెకు పల్లంగానే ఉండి ఉంటుంది. అతనికి తెలియలేదు. ఆ పల్లాన్నంతా ఇంజను మింగేసింది. పల్లంలో గేరు తీసి బండిని వదిలేవాడు డ్రైవరే కాడని అతడు నలుగురిలో చెప్పుకునేవాడు. ఒక్కసారి, ఒక్క సాయంత్రం వదిలి ఉంటే ఆ పిల్ల లాగే లాగుడు తెలిసి ఉండేది.

ఇప్పుడు పుంగనూరులో మందుల కోసం జనం చూస్తుంటారు; ఇంటి దిక్కు మిట్ట. అక్కడ తన కోసం చూసేవారు లేరని ఒక దారి చెబుతున్నది. దారికి అబద్ధమాడవలసిన అవసరం లేదు.

వేసవి ముదిరిన తరువాత పక్కింటి జయమ్మ అతణ్ణి గేటు దగ్గరే నిలేసింది.

"అన్నా, ఒక మాట. వదిన పుంగనూరు దోవలో దిగుడుబావికి పోతాండాది నీళ్ళకు."

"మన బావి ఎండిందా?"

"ఎండలేదు. అందుకే సెప్తాండా." జయమ్మ గొంతు తగ్గించింది. "నిన్న నేను పిలుసుకొచ్చినా. కడవ నిండి గట్టు మీదుండాది. తను మాత్రం ఆఖరి మెట్టు మీద నిలబడి నీళ్ళలోకి సూస్తాండాది. పిలిస్తే ఇనపడలే. భుజం పట్టుకుంటే తిరిగింది. నాకు సెనిక్కాయ వొలిచే పనులుండాయన్నా, దినమూ కాపలా ఉండలేను. నువ్వు యాల పుంగనూరు పోతావు? మానుకో."

మానుకుంటే ఇల్లు పోతుంది. ఇల్లు పోతే కిటికీ పోతుంది. కిటికీ పోతే వరమ్మ ఎంతకాలముంటుందో అతనికి తెలుసు. కారు ఉన్న రోజుల్లోనైతే మధ్యాహ్నం ఒకసారి వచ్చి చూసి పోయేవాడు. సైకిలుతో పొద్దున పోతే మళ్ళీ పొద్దు వాలాకనే. ఆ రాత్రి అన్నం ముందు ప్రార్థనకు కళ్ళు మూసుకున్నాడు గాని ఏమడగాలో తోచలేదు. "వరం, నేను సాయంత్రానికి వస్తాను," అన్నాడు చివరకు. ఆమె మజ్జిగ పోసింది.

మరునాడు అతడు మానుకోలేకపోవడానికి ఇంకొక కారణం కూడా ఉంది. పుంగనూరులో మైమూన్ బీ అనే ఆమె కూతురు రబియాకు ఊపిరితిత్తుల వాపు. కావలసిన మాత్రలు దవాఖానాలో లేవు. "రేపు పొద్దున తెస్తానమ్మా," అని అతడు మాట ఇచ్చి వచ్చాడు. అందుకే ఆ ఉదయం దారి ఎన్నడూ లేనంత నిటారు పల్లమైంది. మైమూన్ బీ దవాఖానా అరుగు మీద కూర్చొని ఎట్లా చూస్తున్నదో హ్యాండిలు పట్టుకున్న చేతులకు తెలుస్తూనే ఉంది. దిగుడుబావి పక్కగా పోతూ అతడు లోపలికి తొంగి చూశాడు. ఎవరూ లేరు.

సగం దారిలో, ఎల్లమ్మ అనే ముసలిది మజ్జిగ అమ్మే పాక దగ్గర, సైకిలు ఆగిపోయింది.

తొక్కాడు. ముందుకు పోలేదు. లేచి నిలబడి తొక్కాడు. చక్రం వెనక్కు దొర్లసాగింది. ఎదురుగా ఉన్న దారి గోడవలె లేచి కనబడింది. దాని మీదనే చౌడేపల్లె కూరగాయల బండి ఒకటి తాపీగా వస్తున్నది.

"దిగప్పా, దిగు, పడతావు," అన్నది ఎల్లమ్మ. "ఇంటి దిక్కుకు వాలినట్టుండాదే నీకు."

"ఇంటి దిక్కా? నాకు ఆ దిక్కు ఎప్పుడూ మిట్టే అవ్వా."

"నాకు సెప్తావేమి? సక్రాన్ని అడుగు."

సత్యానందం పెట్టె వైపు చూశాడు. అందులో ఒక పిల్ల ప్రాణం ఉంది. వెనుక ఉన్నదేమిటో అతనికి తెలియదు.

"అక్కడొక బిడ్డ ఉండాది అవ్వా. మాత్రలకు..."

"ఆ బిడ్డకు పక్కన తల్లి ఉంటాది. ఈ పక్క ఎవురుండారు?"

అతడు సైకిలు తిప్పాడు. ఆపైన తొక్కలేదు, తొక్కవలసిన పని లేకపోయింది. రెండు బ్రేకులూ పట్టినా రబ్బరు కాలిన వాసన వచ్చింది గాని వేగం తగ్గలేదు. చదునైన దారి మీద ఒక మనిషి కొండ దిగేవాడివలె వెనక్కు వాలి, కాళ్ళు చాచి దూసుకుపోతుంటే ఎదురుపడిన బండ్లవాళ్ళు ఎడ్లను పక్కకు లాగి దారి ఇచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. దారి అంత నిటారుగా వాలితే మనిషిని మాట్లాడించకూడదని ఆ ప్రాంతంలో అందరికీ తెలుసు. అతని పెదవుల మీద ఒక్కటే మాట ఆడుతున్నది: ప్రభువా, నీళ్ళు కాదు. నీళ్ళు కాదు.

దిగుడుబావి వచ్చింది. సైకిలు ఆగలేదు. బావిని దాటి, మరికొంత దూరం పోయి, దారి పక్క కానుగ చెట్టు కింద తనంత తానే నిలిచిపోయింది.

అక్కడ వరమ్మ దుమ్ములో కూర్చొని ఉంది. పక్కన ఖాళీ కడవ. చీర కొంగు తడిసి లేదు. అతడు మొదట చూసింది దానినే.

సైకిలు పడిపోయింది. అతడు ఆమె ఎదుట నేల మీద కూలబడ్డాడు.

"బావికని బయల్దేరితి," అన్నది వరమ్మ.

ఏడాదిగా వాడని గొంతు. తుప్పు పట్టిన గేటువలె పలికింది.

"పాప ఆడ ఉండాదనుకుంటి. నీళ్ళలోకి సూస్తే కనిపిస్తాండె. నా కోసం ఆడ సూస్తాండాదనుకుంటి. ఈ పొద్దు పోదామనే వస్తి." ఆమె దారి వైపు చెయ్యి చూపింది. "ఈడికి వచ్చేసరికి దోవ మిట్టైంది. ఎక్కేదానికి సూస్తి. ఎక్కేకొద్దీ ఇంకా లేస్తాంది. మోకాళ్ళ మీద ఎక్కితి. ఎక్కలేకపోతి." ఆమె మోకాళ్ళ దగ్గర చీరకు మట్టి, మట్టిలో నెత్తురు ఉన్నాయి. "అప్పుడు తెలిసింది. పాప ఆడ లేదు. ఆడ ఉండింటే పల్లంగా ఉండేది గదా. బావిలో నా కోసం ఎవురూ లేరు."

అతడు ఆమె మోకాళ్ళ మీది మట్టిని అరచేత్తో తుడిచాడు.

"లేసేదానికి కాళ్ళు రాలేదు. నువ్వు ఈ దోవనే గదా పోయింది, సాయంత్రం దాకా కూసుంటే వస్తావులే అనుకుంటి."

సత్యానందం ముఖం రెండు చేతులతో కప్పుకున్నాడు. సమాధి దగ్గర రాని ఏడుపు అప్పుడు వచ్చింది. వరమ్మ ఏడవలేదు. అతడు తేరుకున్నాక పడిపోయిన సైకిలు వైపు, దానికి కట్టిన పెట్టె వైపు చూసింది.

"ఆ మందులు ఎవురికి?"

"పుంగనూరులో ఒక పిల్ల. రొమ్ము జబ్బు."

"ఎంత పిల్ల?"

అతడు తల వంచుకున్నాడు. "మన పాపంత."

వరమ్మ కడవ పట్టుకొని, చెట్టును ఆనుకొని లేచింది. "ఇంకా యాల కూసున్నావు? పో."

"నిన్ను ఇట్ల వదిలి..."

"పో. నేను ఇంటికి పోతా."

ఆ మాటను నమ్మడానికి అతనికి ఏ ఆధారమూ లేదు. సైకిలెక్కి బయలుదేరాడు. వెనక్కు చూడటానికి భయం వేసింది; చూడకపోవడానికీ భయం వేసింది. దారి పల్లమూ కాలేదు, మిట్టా కాలేదు. రెండు వైపుల నుంచి సమంగా లాగిన తాడువలె పుంగనూరు దాకా చదునుగా సాగింది. ప్రతి అడుగూ అతడు తొక్కుకొనే పోవలసి వచ్చింది. ఒక దిక్కున తన కోసం చూస్తున్నది ఎవరో తెలుసు. రెండవ దిక్కున చూస్తున్నది వరమ్మేనా, లేక తన ఆశ మాత్రమేనా అన్నది తెలియదు.

మాత్రలు ఆలస్యంగానే చేరాయి. మైమూన్ బీ చేతులు చాచి తీసుకున్నది. మధ్యాహ్నానికి పిల్ల కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. దవాఖానాలో అందరూ సంతోషించారు. సత్యానందం కడిగిన సీసాలనే మళ్ళీ కడుగుతూ గోడ మీద ఎండ దిగడం చూస్తూ ఉండిపోయాడు. ఇంటి నుంచి ఎవరైనా పరుగెత్తుకొని వస్తారేమోనని గుమ్మం వైపు చూడటం, రాకపోతే అది మంచికో చెడుకో తేల్చుకోలేకపోవడం, ఆ రోజంతా అదే పని.

సాయంత్రం ఊరి చివర చింతచెట్ల దగ్గర, మదనపల్లె దారి మొదలయ్యే చోట, అతడు సైకిలెక్కి ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డాడు. వెనుక దవాఖానాలో ఇక తన కోసం చూసేవారు లేరు. పిల్ల నిద్రపోయింది, తల్లి కూడా నిద్రపోయింది. ఇక ముందున్న దారి ఏమి చెబితే అదే నిజం. చూపుకు అది చదునుగానే ఉంది. చూపుకు ఎప్పుడూ అంతే.

నేల మీది కాలు తీయడానికి అతనికి చాలాసేపు పట్టింది.

తీశాడు. చక్రం ఒక క్షణం అట్లాగే నిలిచింది. తరువాత, ఎవరో గేటుకమ్మి మీద చెయ్యి వేసినంత మెల్లగా, ముందుకు కదిలింది. ఇంకొంచెం కదిలింది. దొర్లసాగింది. చింతచెట్లు వెనక్కు పోయాయి.

పాక ముందు కుండలు బోర్లిస్తున్న ఎల్లమ్మ తలెత్తి చూసింది.

"ఏమప్పా, తొక్కేది మరిసిపోయినావా?"

పల్లంలో గేరు తీసి బండిని వదిలేవాడు డ్రైవరే కాడని పదహారేండ్లు చెప్పిన మనిషి రెండు కాళ్ళూ పెడళ్ళ మీద నుంచి తీసేసి, బ్రేకుల మీది వేళ్ళు కూడా తీసేసి, ఇంటికి పోతున్నాడు.