పైపైన దొరికిన లోతు

ఆ వారమంతా రాళ్ల ప్రొఫెసరు కాళ్లు నేల మీద ఆనలేదు. భూమి పుట్టినప్పుడే దాని కడుపులో ఇరుక్కుపోయిన తేలిక రకం హీలియం ఒకటుంది. అగ్నిపర్వతపు రాయిలో అది ఎంత ఎక్కువుంటే ఆ లావా అంత లోతు నుంచి వచ్చిందని అనుకుంటారు. ఆయన తెచ్చిన రాయిలో అది మామూలు లావాల కన్నా నాలుగైదు రెట్లుంది. ఇంకేముంది! బావమరిదికి చెప్పాడు, పక్కింటివాళ్లకు చెప్పాడు, చివరికి నోరు తెరిచి ఉంచమన్నా వినకుండా పళ్ల డాక్టరుకూ చెప్పాడు.

సదస్సు కోసం చేసుకున్న స్లైడ్లను ల్యాబ్‌లో యంత్రం చూసుకునే మేడమ్‌కు చూపించాడు. మొదటిది భార్య తీసిన ఫొటో. కొండ నెత్తిన ఓ రాతి మీద కాలు మోపి, నడుం మీద చెయ్యేసుకుని వెలిగిపోతున్నాడు.

"మనం కొలిచింది ఈ రాయేనా సార్?" అంది మేడమ్.

"అదే! నా చేత్తో పగలగొట్టాను."

"ఇలా ఆరుబయట పడున్నదా?"

ప్రొఫెసరు స్లైడు మీదికి వంగి కాలి కింది రాయిని మళ్లీ చూశాడు. ఆకాశం నుంచి వచ్చే విశ్వకిరణాలు తగిలి, బయట పడున్న రాళ్లలోనూ అదే హీలియం పుడుతుంది. వేల ఏళ్లు అలా తగిలించుకున్న రాయి తాను పాతాళం నుంచి వచ్చానని నమ్మించగలదు. ఈ సంగతి ఏటా బల్ల గుద్ది పాఠం చెప్పేది ఆయనే.

"కింద క్వారీలో, లోపలి రాయి తీసుకోవాల్సింది కదా సార్?"

"దిగాలంటే మోకాళ్లు..." అని నసిగాడు. "పైన వెలుతురు బావుందని మా ఆవిడ కూడా అంది."

ఇంటికెళ్లి ఆ మాటే అంటే భార్య చెయ్యి తిప్పింది. "బావుందన్నది ఫొటోకండీ, రాయికి కాదు!"

మర్నాడే క్వారీలోకి దిగాడు. సగం నడిచి, సగం జారి, ప్యాంటు చింపుకుని లోపలి రాయి తెచ్చాడు. మేడమ్ నూరి కొలిచింది. లోతూ లేదు, గీతూ లేదు. ఊరందరికీ దొరికే మామూలు లావా.

'పాతాళం నుంచి వార్త' అన్న ప్రసంగం పేరు కొట్టేసి, 'నేను ఆకాశాన్ని పాతాళం అనుకున్న విధం' అని పెట్టాడు. హాలు గొల్లుమంది. టీ విరామంలో ఇద్దరు పెద్ద శాస్త్రవేత్తలు విడివిడిగా వచ్చి, తామూ ఓసారి ఇలాగే బోల్తా పడ్డామని చెవిలో చెప్పి వెళ్లారు.

సాయంత్రం ఫోన్లో భార్య అడిగింది. "చప్పట్లు కొట్టారా?"

"కొట్టారు. కాకపోతే నేను పప్పులో కాలేసిన చోటే గట్టిగా కొట్టారు."

"ఇంకేం మరి! వచ్చే సదస్సుకి ఇంతకన్నా మంచి తప్పు చూసుకోండి."