బోర్లించి చింపిన కార్డులు

పెద్దకర్మ కార్డును చదివాక ఎవరూ ఇంట్లో ఉంచుకోరు. మా కొవ్వూరులో అవన్నీ నా షెడ్డు గేటు దగ్గరకు చేరతాయి. డ్రాయింగ్ మాస్టారుగా రిటైరయ్యాక నేను చేత్తో కాగితం చేస్తున్నాను, నలుగురికి నేర్పుతున్నాను. రావులపాలెం నుంచి తెచ్చిన అరటి నారలో ఈ కార్డుల గుజ్జు కలిపితే కాగితం చక్కగా వస్తుంది.

చేరినవాళ్లకు మొదటిరోజే గట్టిగా చెబుతాను: కార్డు బోర్లించి చింపండి, పేరు చదవొద్దు, ఫొటో చూడొద్దు. చూస్తే మనసు పాడవుతుంది, పని సాగదు. ఈ నియమం పెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్న రోజులున్నాయి. ఎంత తెలివైనవాడినో!

వెంకటదుర్గ భర్త వరదల్లో చేపల వేటకెళ్లి, పడవ బోల్తాపడి పోయాడు. ఇష్టపడి చేసుకున్న పెళ్లి. "నువ్వు అడుగుపెట్టాకే మావాడికి నూరేళ్లు నిండాయి" అని అత్తగారు దినాలకు కూడా గడప తొక్కనివ్వలేదు. ఆ వారమే నా దగ్గర పనికి చేరింది. సోమవారం గుజ్జు తొట్టి దగ్గరకొచ్చి అడిగింది.

"మాస్టారూ, మా ఆయన కార్డు ఏదైనా వచ్చిందాండి?"

"ఎందుకమ్మా?"

"ఫోన్ ఆయనతోపాటే గోదాట్లో పోయిందండి. ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. కార్డులేసిన ప్రెస్సులో ఫొటో చెరిపేశామన్నారు. అత్తగారు ఇవ్వనన్నారు. పాపకి తొమ్మిదో నెలండి. రేపు నాన్నేడని అడిగితే ఏం చూపించనండి?"

కనుక్కుంటానని చెప్పి, ఆమె మరిది బుల్లబ్బాయి దగ్గరకు వెళ్లాను.

"మిగిలిన కార్డులాండి? శుక్రవారం సాయంత్రం కట్టగట్టి మీ గేటు దగ్గరే పెట్టాను కదండీ. ఒక్కటి కూడా ఇంట్లో ఉంచొద్దంది అమ్మ."

శనివారం పనికొచ్చింది దుర్గ ఒక్కతే. ఆ కట్ట విప్పి, ఒక్కో కార్డూ బోర్లించి, నాలుగు ముక్కలు చేసి బకెట్లో నానేసింది. ఒక్కటైనా తిప్పి చూడలేదు. చెప్పిన మాట వినడమంటే ఇదీ అని మెచ్చుకున్నాను కూడా.

తిరిగొచ్చేసరికి ఆ గుజ్జంతా కాగితాలై గోడకు ఆరుతోంది. కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ వెతికాను. నల్లటి నలుసులు తప్ప ఏమీ లేవు.

"దొరికిందాండి?" అంది వెనకనుంచి దుర్గ.

"రాలేదమ్మా" అన్నాను.

"ఎవరింటి చూరులోనో దోపి ఉండే ఉంటదండి. ఎప్పటికైనా మీ దగ్గరకే కదండీ రావాలి" అంది. ఆ మొహంలో ఆశ చూసి తలదించుకున్నాను.

అప్పటినుంచి దుర్గ నా నియమం పాటించడం లేదు. ప్రతి కార్డూ తిప్పి, పేరు చదివి, మొహం చూసి, అప్పుడు చింపుతుంది. ఎనిమిది నెలలైంది. వద్దని చెప్పడానికి నాకు నోరు రాదు. నిజం చెప్పడానికి అసలే రాదు. పిరికివాణ్ణి.

నిన్న పాపను వెంటబెట్టుకొచ్చింది. ఒళ్లో కూర్చోబెట్టుకుని కొత్త కట్ట విప్పింది. పైకార్డు మీద ఎవరో ముసలాయన ఫొటో. పాప దానిమీద వేలుపెట్టి "నాన్న" అంది.

"కాదమ్మా" అని దుర్గ దాన్ని చింపి, ఇంకోటి తీసింది.